హెడ్మాస్టారు ఇచ్చిన నక్షత్రం

ఆ రోజుల్లో నాకు అన్నిటికన్నా బాగా వచ్చిన విద్య ఫారాలు నింపడం. చదివింది కంప్యూటర్ల చదువే అయినా, చేతికి అబ్బిన నేర్పు మాత్రం ఇదే. స్టడీ పర్మిట్‌తో మొదలైన చెయ్యి, కెనడాలోని హామిల్టన్‌లో దిగాక బ్యాంకు ఖాతాకీ, కాలేజీ ఇన్సూరెన్సుకీ, లైబ్రరీ కార్డుకీ, పార్ట్‌టైమ్ ఉద్యోగానికీ, చదువయ్యాక వర్క్ పర్మిట్‌కీ ఆగకుండా రాస్తూనే పోయింది. ఇంటిపేరు ఏ గడిలో రాయాలి, పుట్టిన తేదీలో ముందు సంవత్సరం వేయాలా రోజు వేయాలా అని చూసుకునే పనే ఉండేది కాదు. నిద్రలో లేపి కాగితం చేతికిచ్చినా, తప్పు లేకుండా నింపి, కింద సంతకం పెట్టి మళ్ళీ పడుకునేదాన్ని. మా రూమ్మేట్ తన ఫారాలు కూడా నా చేతే నింపించుకునేది. ఈ విద్య గురించి నాకు కాస్త గర్వంగా కూడా ఉండేది. ఆ గర్వానికి ఏప్రిల్ నెలలో ఒక శనివారం నాడు తగిన శాస్తి జరిగింది.

నేనూ, ఆ రూమ్మేటూ ఒక ఆంటీ ఇంటి బేస్‌మెంట్‌లో అద్దెకుండేవాళ్ళం. ఆంటీది గుడివాడ వైపు. అంకుల్ స్టీల్ ప్లాంటులో షిఫ్టులు చేసి వచ్చి పగలంతా పడుకుంటే, ఆంటీ తన పాత వ్యాన్ వేసుకుని, అడిగినా అడగకపోయినా, ఊళ్ళో ఉన్న తెలుగు పిల్లల మంచిచెడ్డలన్నీ చూసేది. రూమ్మేట్‌ది కరీంనగర్. డోనట్ల దుకాణంలో షిఫ్ట్ సూపర్‌వైజర్ అయిన రోజు నుంచి ఇంట్లో కూడా గిన్నెలు కడిగే వంతులు కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటించడం మొదలుపెట్టింది. అందుకని నేను దానికి 'మేడం' అని పేరు పెట్టాను. (పేరు పెట్టిన పాపానికి వారం రోజులు గిన్నెలన్నీ నా వంతుకే వచ్చాయి.)

ఆ ఏప్రిల్ నాటికి నా చదువై ఏడు నెలలు. ఒక కిరాణా స్టోర్లో క్యాషియర్‌గా కొత్తిమీర కట్టలు స్కాన్ చేస్తూ, వర్క్ పర్మిట్ మీద గడువు తేదీని రోజుకొకసారి తీసి చూసుకుంటూ ఉండగా, కాల్గరీలో ఒక ఆయిల్ కంపెనీ ఆఫీసు నుంచి ఐటీ ఉద్యోగం ఆఫర్ వచ్చింది. సోమవారం ఉదయంలోగా ఒప్పుకుంటున్నానో లేదో చెప్పాలి. ఎగిరి గంతేయాల్సిన సమయం. నేను మాత్రం దుప్పటి కప్పుకుని కూర్చున్నాను. నిజం చెప్పేస్తాను, భయం. కాల్గరీ అంటే విమానంలో నాలుగు గంటలు. అక్కడ నా అన్నవాళ్ళు ఒక్కరు లేరు. పైనుంచి సాంబారు గిన్నె పంపే ఆంటీ ఉండదు, గొడవ పెట్టుకోవడానికి మేడం ఉండదు. ఇంత చదివి, ఇన్ని ఫారాలు నింపి, 'భయమేస్తోంది, రాను' అని చెప్పడానికి నాకు మొహం చెల్లదు. ఎవరైనా పెద్దవాళ్ళు 'వద్దు' అనేస్తే హాయిగా ఏడ్చి ఊరుకోవచ్చు. కానీ ఎవరూ అనడం లేదు.

చివరికి మా అమ్మే దారి చూపించింది. "ఏవే, ఒక్కదానివే అంత దూరం పోతానంటే సరిపోయిందా? ముందు జాతకం చూపించు. గ్రహాలు సరేనంటే నేనెందుకు కాదంటాను?" అంది ఫోన్లో. సరిగ్గా ఆ వారమే ఇండియా నుంచి ఒక సిద్ధాంతిగారు టొరంటో శివార్లలో ఉన్న గుడికి వచ్చి, జాతకాలు చెబుతున్నారని ఆంటీకి వాట్సాప్‌లో తెలిసింది. తెలియడమేమిటి, మధ్యాహ్నం ఒంటిగంటకి నా పేరున అపాయింట్‌మెంట్ కూడా తీసేసింది. నేను పైకి 'ఇవన్నీ ఎందుకాంటీ' అన్నాను గానీ, లోపల మాత్రం ఆ సిద్ధాంతిగారి మీదే ఆశలన్నీ పెట్టుకున్నాను. నా బదులు ఆయన వద్దంటే చాలు.

పొద్దున్నే తలంట్లు పోసుకుని బయలుదేరాం. బయలుదేరేముందే ఆంటీ ఒక షరతు పెట్టింది. "దర్శనం అయ్యేదాకా ఎవరూ ఏమీ తినకూడదు. కాఫీ ఒక్కటి పర్లేదు." వ్యాన్ హైవే ఎక్కింది. కరుగుతున్న మంచు మట్టితో కలిసి రోడ్డు పక్కన నల్లటి కుప్పలుగా పడి ఉంది. ముందు వెళ్ళే లారీలు అద్దం మీద బురద చిమ్ముతుంటే, ఆంటీ ప్రతిసారీ "గోవిందా" అంటూ వైపర్ వేస్తోంది. దారిలో మేడం వాళ్ళ డోనట్ల దుకాణం లాంటిదే ఇంకొకటి కనిపించింది.

"ఆంటీ, డోనట్ల ఏముంటది? మైదా, చక్కెర. గంతే గదా. అది తిన్నట్టు లెక్కకాదు," అంది మేడం.

"రోజూ అమ్ముతావుగా, చూసి చూసి కడుపు నిండలేదా? కూర్చో," అంది ఆంటీ, దుకాణం దాటేదాకా వ్యాన్ వేగం పెంచి.

గుడి ఒకప్పుడు గోదాము. అటు టైర్ల దుకాణం, ఇటు వంటింటి అల్మరాలు చేసేవాళ్ళు, మధ్యలో వెంకటేశ్వరస్వామి. గుమ్మం దగ్గర చెప్పుల అరల్లో అందరివీ ఒకేలాంటి నల్ల బూట్లు. నావి గుర్తుపట్టడానికి వీలుగా లోపల ఎర్ర సాక్సు దోపి పెట్టాను. (వచ్చేటప్పుడు చూస్తే ఆ ఉపాయం నాలాగే ఇంకో ముగ్గురికి తట్టింది.) లోపల అర్చన చేయిస్తూ పూజారిగారు "గోత్రం, నక్షత్రం చెప్పండమ్మా" అన్నారు. గోత్రం చెప్పి, "రోహిణీ నక్షత్రం" అని గట్టిగానే చెప్పాను. చిన్నప్పటి నుంచి ఏ గుడికి వెళ్ళినా అమ్మ నా చేత చెప్పించే మాట అది. కళ్ళు మూసుకుని, 'స్వామీ, ఆయన చేత వద్దనిపించు' అని మొక్కుకున్నాను. ఉద్యోగం రావాలని ఏడు నెలలు మొక్కింది కూడా ఈ స్వామికే. వచ్చిన ఉద్యోగం వద్దని ఇప్పుడు మళ్ళీ మొక్కుతుంటే ఆయన ఏమనుకున్నారో గానీ, పూలదండల్లోంచి ఏమీ తెలియనట్టే చూశారు.

దర్శనం అయ్యాక కింద హాల్లో పులిహోర, దద్ధోజనం పెడుతున్నారు. మేడం రెండుసార్లు వరసలో నిలబడింది. మూడోసారి వెళ్ళబోతే వడ్డించే ఆంటీ గుర్తుపట్టి నవ్వింది. నాకు మాత్రం ముద్ద దిగలేదు. ఒంటిగంటకి సిద్ధాంతిగారి గది బయట ఒక వాలంటీరు నా చేతికి అట్టకి బిగించిన ఫారం ఇచ్చాడు. పేరు, పుట్టిన తేదీ, సమయం, ఊరు. ఫారం కనబడగానే నా భయమంతా పోయి ప్రాణం లేచొచ్చింది. ఎట్టకేలకు ఈ రోజు నాకు తెలిసిన పని ఒకటి దొరికింది. అర నిమిషంలో నింపి ఇచ్చేశాను. సమయం దగ్గర మాత్రం అమ్మ మెసేజ్ చూసి, తెల్లవారుజామున నాలుగు గంటల నలభై నిమిషాలని జాగ్రత్తగా రాశాను.

సిద్ధాంతిగారు పట్టు పంచె, పైన స్వెట్టరు, ముందు లాప్‌టాప్ పెట్టుకుని కూర్చున్నారు. కాళ్ళ దగ్గర చిన్న హీటరు. ఆయన ఎదురుగా నేను, నాకు అటూ ఇటూ ఆంటీ, మేడం. (ఒక్కరే రావాలని తలుపు మీద రాసి ఉంది. ఆంటీకి ఇలాంటి కాగితాలు ఎప్పుడూ కనబడవు.) ఫారంలో ఉన్నవన్నీ ఎక్కించి, తెర వంక చూసి, ఆయన తల ఊపారు.

"శాంత స్వభావం. మితభాషివి. ఎంత కోపమొచ్చినా మాట తూలవు," అన్నారు.

నా పక్కన మేడం దగ్గడం మొదలుపెట్టింది. ముందు రోజే షాంపూ సీసా మూత పెట్టలేదని నేను దాన్ని అరగంట తిట్టాను. నేను మాత్రం కళ్ళు దించుకుని "అవునండీ" అన్నాను, ఎంతో మితంగా.

"ఇంట్లో నీ తర్వాత ఒక తమ్ముడుండాలే?"

"ఉన్నాడండీ," అన్నాను. నాకున్నది అక్క. కానీ మా పిన్ని కొడుకు చిన్నప్పుడు రెండేళ్ళు మా ఇంట్లోనే చదువుకున్నాడు. పెద్దాయన అంత నమ్మకంగా అడుగుతుంటే లేడని చెప్పి చిన్నబుచ్చడం బాగుండదని వాణ్ణి తమ్ముడి లెక్కలో వేసేశాను. పైగా నా ధ్యాసంతా ఆ ఒక్క మాట మీదే ఉంది. ఎప్పుడెప్పుడు వద్దంటారా అని చూస్తున్నాను. ఆంటీ నా ఉద్యోగం సంగతి, కాల్గరీ సంగతి, అక్కడి చలి సంగతి వివరంగా చెప్పి, "ఆడపిల్ల, ఒక్కతే వెళ్ళాలండీ" అని ముగించింది. నేను ఆశగా ముందుకి వంగాను.

సిద్ధాంతిగారు చేతివేళ్ళ మీద ఏదో లెక్కేసుకుని, మొహం విప్పారించి, "అమ్మా, పడమర దిక్కు ఈ జాతకానికి బాగా కలిసొస్తుంది. ఆలోచించకు. వెళ్ళు. అక్కడే స్థిరపడతావు. అక్కడికే నీ వాళ్ళంతా వస్తారు. భయపడాల్సిన జాతకమే కాదిది," అన్నారు. ప్రింటు తీసిన కాగితం మడిచి, కుంకుమ పొట్లం పెట్టి నా చేతికిచ్చారు.

బయటికొచ్చాక ఆంటీ నన్ను గట్టిగా దగ్గరికి తీసుకుని, కొంగుతో కళ్ళు తుడుచుకుంది. మేడం నా వంక చూడకుండా ముందే వెళ్ళి బూట్లు వేసుకుంది. నా సంగతి విచిత్రంగా ఉంది. మొక్కు తీరలేదని బాధపడాల్సింది పోయి, వ్యాన్ ఎక్కిన పది నిమిషాలకల్లా కాల్గరీలో అద్దె ఇళ్ళు వెతుకుతున్నాను. ఇరవై నిమిషాలకి కిటికీ ఉన్న ఒక గది నచ్చింది. బేస్‌మెంట్ కాదు, నేల మీద ఉన్న గది. ఆఫీసుకి రైల్లో వెళ్ళొచ్చట. అరగంటకి ఆ గది కిటికీకి ఏ రంగు కర్టెన్ బాగుంటుందో కూడా అనుకున్నాను. 'భయపడాల్సిన జాతకమే కాదిది' అన్న మాట ఇంకా చెవిలో వినిపిస్తూనే ఉంది.

దర్శనమైపోయింది కాబట్టి షరతు కూడా తీరిపోయింది. హామిల్టన్ ఇంకా కొంత దూరం ఉందనగా ఒక ఖాళీ స్థలంలో చిప్ ట్రక్, అంటే వేపుళ్ళు అమ్మే బండి, కనిపించింది. పుటీన్ అని పెద్ద అక్షరాలతో రాసి ఉంది. వేడి వేడి బంగాళాదుంప వేపుడు ముక్కల మీద చీజ్ ముద్దలు చల్లి, పైన గ్రేవీ పోసి ఇస్తారు. కెనడా వచ్చి ఇది తినకపోతే వచ్చినట్టు కాదని మేడం సిద్ధాంతం. కానీ శనివారం. ఆంటీ ముందు దిగి ట్రక్కు కిటికీ దగ్గర నిలబడి విచారణ మొదలుపెట్టింది. గ్రేవీ దేంతో చేశావు, మాంసం ఉందా, పుట్టగొడుగుల గ్రేవీ ఉందంటున్నావు గానీ దాన్ని కలిపే గరిటె వేరేనా, ఆ గిన్నె ఎక్కడుంది, ఏదీ చూపించు. పాపం ఆ పెద్దమనిషి గిన్నె ఎత్తి చూపించాడు. మూడుసార్లు ఒకే ప్రశ్న అడిగి, మూడుసార్లూ ఒకే జవాబు వచ్చాక గానీ ఆంటీ ఒప్పుకోలేదు. గ్రేవీ పుట్టుపూర్వోత్తరాలు ఇంతగా విచారించిన మనిషి, రెండు గంటల క్రితం నా పుట్టుపూర్వోత్తరాలు ఒక్కసారి చూసి ఉంటే సరిపోయేది.

వ్యాన్‌లో కూర్చుని తింటున్నాం. ఒళ్ళో వేడి తగలకుండా మేడం నా జాతకం కాగితం విప్పి, డబ్బా కింద పరుచుకుంది. చీజ్ ముద్ద నమిలేకొద్దీ రబ్బరులా కీచుకీచుమంటుంటే నేను పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతున్నాను. మేడం తినడం ఆపేసింది.

"ఏందే ఇది? గుళ్ళె రోహిణి అన్నవ్ గదా?"

"అవును."

"మరి ఈడ హస్త అని ఉన్నదేంది? జూన్ పది అంట. నువ్వు పుట్టింది నవంబర్ల గదా? మొన్న కార్తీకంల కేక్ కట్ చేయలే?"

నా చేతిలో ఫోర్కు అలాగే ఉండిపోయింది. జూన్ పది నా సర్టిఫికెట్ల తేదీ. నన్ను బళ్ళో వేసేనాటికి ఐదేళ్ళు నిండడానికి ఇంకా ఐదు నెలలు తక్కువ. నాన్న గుమ్మం దగ్గర నసుగుతుంటే, హెడ్మాస్టారు కళ్ళజోడు సవరించుకుని, "దానికేముందండీ, జూన్ పది రాసేస్తున్నా" అని నాకు కొత్త పుట్టినరోజు ఇచ్చేశారు. అప్పటి నుంచి పదో తరగతి మొదలు పాస్‌పోర్టు దాకా, స్టడీ పర్మిట్ మొదలు లైబ్రరీ కార్డు దాకా అన్నిటా అదే. ఇప్పుడు నా ఘనమైన చెయ్యి నన్ను అడక్కుండా సిద్ధాంతిగారికి కూడా అదే రాసిచ్చేసింది. అంటే ఆయన చెప్పిందంతా, మా హెడ్మాస్టారి కలంలోంచి పుట్టిన ఒక శాంత స్వభావం గల అమ్మాయి జాతకం. తమ్ముడున్నది ఆ అమ్మాయికి. పడమర కలిసొచ్చేదీ ఆ అమ్మాయికే.

"అయ్యో అయ్యో, ఎంత పని చేశావే!" అని ఆంటీ అప్పుడే ఫోన్ తీసి గుడికి చేసింది. రెండు నిమిషాలు మాట్లాడి, ఫోన్ మీద చెయ్యి అడ్డం పెట్టి, "ఆరింటికి ఒకళ్ళు రావట్లేదట. ఖాళీ ఉంది. వ్యాన్ వెనక్కి తిప్పితే అందుకుంటాం. అసలు తేదీతో చెప్పిద్దాం. ఏవంటావు?" అంది.

మేడం మొహంలో అప్పటిదాకా లేని వెలుగు వచ్చింది. "పోదాం ఆంటీ, తిప్పుండ్రి. నాకప్పుడే డౌట్ వచ్చింది, దీన్ని పట్టుకుని మితభాషి అన్నప్పుడే! నీకు కాదే పొమ్మన్నది. నువ్వు పోనక్కర్లే."

పొద్దున నేను స్వామిని ఏం కోరుకున్నానో సరిగ్గా అదే ఇది. రోహిణి జాతకం చూసి ఆయన వద్దనవచ్చు. వద్దంటే ఇదే బేస్‌మెంట్, ఇదే సాంబారు, ఇదే మేడం. నేను తల ఊపితే చాలు, వ్యాన్ తిరుగుతుంది. నాకు మాత్రం అప్పుడు ముంచుకొచ్చింది సంతోషం కాదు, ఏడుపు. ఆ కిటికీ గది పోతుంది. ఆ కర్టెన్ పోతుంది. ఆయన వద్దంటే నేను అమ్మ మాట కాదనలేను. ఆరింటి దాకా ఆగితే నా చేతిలో ఏమీ ఉండదు.

"వద్దాంటీ," అన్నాను.

"వద్దేవిటి? చూపించుకోవద్దా?"

"వద్దు. నేను వెళ్తాను."

"ఎవరు పొమ్మన్నరే నిన్ను?" అంది మేడం. ఈసారి దాని గొంతులో వెటకారం లేదు.

"ఎవరూ అన్లేదు. నేనే వెళ్తానంటున్నా."

పుటీన్ చల్లారిపోయి, గ్రేవీ గడ్డకట్టడం మొదలుపెట్టింది. నేను ఫోన్ తీసి, ఉద్యోగానికి ఒప్పుకుంటున్నానని రాసి పెట్టుకుని, పంపకుండా వదిలేసిన మెయిల్ తెరిచి పంపేశాను. శనివారం ఆఫీసులో ఎవరూ ఉండరని తెలుసు. అయినా పంపేశాను, మనసు మారకముందే. ఆంటీ గుడివాళ్ళకి "ఇంకెవరికైనా ఇచ్చేయండమ్మా" అని చెప్పి ఫోన్ పెట్టేసి, నా వంక చూసి, "మొండిదానివే," అంది. అది తిట్టో మెచ్చుకోలో ఇప్పటికీ తేల్చుకోలేదు. మేడం జాతకం కాగితం మీద పడ్డ గ్రేవీ చుక్కని తన చున్నీతో తుడిచి, జాగ్రత్తగా మడిచి నా కోటు జేబులో పెట్టి, "పోయిరా హస్తా," అంది. తర్వాత కిటికీ వైపు తిరిగి చాలాసేపు ఆ నల్ల మంచు కుప్పలనే చూస్తూ కూర్చుంది.

ఇంటికి వచ్చి ఫోన్ చేస్తే, అక్కడ అర్ధరాత్రి దాటినా అమ్మ నిద్ర మానుకుని కాచుకుని ఉంది. "ఏవన్నారే?" అంది. "వెళ్ళమన్నారమ్మా," అన్నాను. ఎవరిని వెళ్ళమన్నారని అమ్మ అడగలేదు, నేను చెప్పలేదు.

ఆ అబద్ధాన్ని నేను చాలాకాలం మోశాను. కిందటేడు అమ్మ కాల్గరీ వచ్చి, మా ఇంటి కిటికీ దగ్గర కూర్చుని కాఫీ తాగుతుండగా, ఇక ఉండబట్టలేక అంతా చెప్పేశాను. తిడుతుందనుకుంటే, కాఫీ ఒలికేలా నవ్వింది. "పిచ్చిమొహమా, నీ అసలు టైము మాత్రం ఎవరికి తెలుసే? ఆ ఆస్పత్రిలో గోడ గడియారం ఆగిపోయి ఎన్నాళ్ళో అయింది. మీ అమ్మమ్మ పాలవాడి సైకిల్ బెల్లు విని నాలుగు నలభై అయ్యుంటుందంది. ఆ రోజు వాడు ఎన్నింటికి వచ్చాడో ఎవడు చూశాడు?" అంది.

మేడం ఇప్పుడు టొరంటో దగ్గర ఒషావాలో ఉంది. నవంబరులో నా పుట్టినరోజు మర్చిపోతుంది గానీ, ప్రతి జూన్ పదిన మాత్రం తప్పకుండా ఫోన్ చేసి, "హస్తా, హ్యాపీ బర్త్‌డే. మితంగా మాట్లాడుతున్నవా లేదా?" అని అడుగుతుంది. మేమిద్దరం గంటసేపు అమితంగా మాట్లాడుకుంటాం. ఫోన్ పెట్టేశాక ఆ వ్యాన్ గుర్తొస్తుంది. ఒళ్ళో చల్లారిన పుటీన్ పెట్టుకుని, భయపడుతూనే వెనక్కి తిప్పొద్దన్న ఆ పిల్లని తలుచుకుంటే నవ్వొస్తుంది, కాస్త బెంగగా కూడా ఉంటుంది. అంత ధైర్యం నాకు మళ్ళీ రాలేదు.

మొన్న సిటిజన్‌షిప్ ఫారం నింపుతూ పుట్టిన తేదీ గడి దగ్గర మొదటిసారి చెయ్యి ఆగింది. కాసేపు చూసి, జూన్ పది అనే రాశాను. ఈసారి మాత్రం తెలిసే రాశాను.